తిన్నది యొంటఁబట్టుట

“మావాఁడు తినుచునే యున్నాఁడు, తిన్నది యొంటఁబట్టదు” అని ముస్తాబాదు ప్రాంతమునఁ దల్లులు చెప్పఁగా వినుచునే యున్నాము. అది నుదుటివ్రాఁత కాదు. కారణము చిన్నప్రేగులో నుండవచ్చును.

ఆ ప్రేగు లోపలిగోడయందు సన్నని యాంత్రచూషకములు లెక్కకు మిక్కిలిగా నున్నవి. ఆహారసారమును రక్తమున కందించునవి యవియే. వాని పైపొరలోని కణములు మూఁడు మొద లైదు దినములలోఁ గ్రొత్తవగుచుండును. ఇందులకు మాంసకృత్తులు, జింకు, ఫోలికామ్లము కావలయును. కొలఁది పోషణలోపము మాత్రముననే ప్రేగు చెడునని మే మనము. దానికిఁ గలుషితజలము, మాటిమాటికి వచ్చు విరేచనములు తోడైనచోఁ జూషకములు కుఱుచవగును. తిన్నదానిలోఁ గొంత వ్యర్థమగును. లోపము మఱింత హెచ్చును.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరు లిరువురు స్ప్రూ యను ప్రేగువ్యాధి వాతఁబడిరి. అమెరికాలో వారి నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయమువారు 1945లో ఫోలికామ్లమును సంశ్లేషించిరి. అదియే యా వ్యాధికి మందయ్యెను.

2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి తెలంగాణమున నైదేండ్లలోపు పిల్లలలో నూటికి 33 మందికి వయసునకుఁ దగిన యెత్తు లేదు.

కావున మా యభిప్రాయ మిది: అన్నము పెట్టుటతోనే మన విధి తీఱదు. బడిలో మధ్యాహ్నభోజనమునకు ముందు చేతికి సబ్బు, త్రాగుటకు శుభ్రజలము, పళ్లెములోఁ బప్పు, ఆకుకూర, గ్రుడ్డు నన్నియుఁ గూడవలయును. బలహీనుఁడైన బాలుని సోమరియని దండింపక మున్ను వాని యెత్తును బరువును గొలువుఁడు.