గంగ కూడా రెండక్షరాలే

ఇందూరు (నిజామాబాద్)లో గానీ బోధన్‌లో గానీ ఇప్పుడు ఆడపిల్ల పుడితే పేరుకు మూడు షరతులు. రెండు, మహా అయితే మూడక్షరాలు దాటొద్దు, చుట్టుపక్కల ఎవరికీ ఉండొద్దు, మంచి అర్థం ఉండాలి. తొట్టెల నాటికి సెల్‌ఫోన్లలో జాబితాలు తిరుగుతుంటాయి: సాన్వి, కియారా, మైరా, రియా, ఐరా. ఎవరైనా బాపమ్మ పేరు ఎత్తితే ఆ మొరటు పేరెందుకని కొట్టిపారేస్తారు. చిన్న పేరు మీద నాకు కోపం లేదు. అవ్వల పేర్లకు అర్థం లేదు, జాబితాలో పేర్లకే అర్థం ఉంది అనే నమ్మకం మీదే నా పోట్లాటంతా.

జాబితాలు చెప్పే అర్థాలనే ముందు చూద్దాం. సాన్వి అంటే లక్ష్మీదేవి అని రాస్తారు. అమరకోశంలో లక్ష్మి పేర్ల వరుస తీసి చూడండి: పద్మ, కమల, శ్రీ, ఇందిర, రమ, చివరికి ‘మా’ అనే ఒంటి అక్షరం కూడా ఉంది. సాన్వి లేదు. కియారాకు సంస్కృతం అంటగట్టేవాళ్లున్నారు. ఆ పేరుకు పోలికగల ఐరిష్ మాటకు నల్లనిదని అర్థం, ఇటాలియన్ మాటకు వెలుగని. మన ఊళ్లకు అది వచ్చిన దారి మాత్రం సినిమా. నటి కియారా అద్వానీ అసలు పేరు ఆలియా. ‘అంజానా అంజానీ’ అనే హిందీ సినిమాలో కథానాయిక పేరు నచ్చి దాన్ని పెట్టుకుంది. ఆమె నటించిన ‘భరత్ అనే నేను’ వచ్చాక ఆ పేరు మన ఇళ్లలోకీ చేరింది. మైరాను ఫుల్క్ గ్రెవిల్ అనే ఇంగ్లిష్ కవి తన ప్రేమకవితల కోసం కల్పించుకున్నాడు. ఇక రియా అంటే గాయని అని రాస్తారు. బోధన్‌లో ఉర్దూ మాట్లాడే ఇంట్లో అడగండి, రియాకారీ అంటే పైపై నటన అని చెబుతారు. జాబితాల్లో అన్నీ అబద్ధాలని కాదు. ఆద్య నిజంగానే సంస్కృతం, మొదటిదని అర్థం. ఇర వేదకాలపు మాట, అన్నపానీయాలను చెబుతుంది. కానీ అసలు ఏదో నకిలీ ఏదో ఎవరూ విడదీసి చూడటం లేదు. తెర మీద ‘అర్థం’ అని రాసి ఉంటే చాలు, నమ్మేస్తున్నారు.

ఇప్పుడు గంగవ్వ సంగతి. మన జిల్లాలో ఈ పేరు లేని ఊరు ఉంటుందని నేననుకోను. గంగామణి, గంగారాం, గంగాధర్, గంగన్న, అన్నీ ఆ కుదురువే. ఒకే ఇంట్లో పెద్ద గంగారాం, నడిపి గంగారాం, చిన్న గంగారాం ఉన్నా ఇక్కడ ఎవరూ వింతపడరు. ఎందుకింతమంది? ఈ గంగ కాశీలో గంగ కాదు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో గోదావరినే గంగ అంటారు. బోధన్‌కు అవతల కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకొని ఆ నది తెలంగాణలోకి అడుగుపెడుతుంది. నీళ్లు తాగిన నది పేరు బిడ్డకు పెట్టుకున్నారు. ఈ అర్థం ఏ తెర మీదా వెతకనక్కర్లేదు, ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు. సీతవ్వ కూడా అంతే. సీత అంటే నాగలి చాలు. చెరుకు, వరి పండించే నేలలో అంతకంటే సొంత పేరు ఏముంది? సియా అని హిందీలో పెట్టుకుంటున్నదీ ఆ సీతనే కదా.

1931 నాటికి నిజాంసాగర్ కట్టారు. దాని నీళ్లకు కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పుట్టాక శక్కర్‌నగర్‌కు నలుదిక్కుల నుంచీ మనుషులు చేరారు. మహారాష్ట్ర హద్దు పక్కనే. అందుకే ఈ నేల మీద గంగవ్వ, గంగమ్మ, గంగాబాయి పక్కపక్కనే బతికారు, వాళ్లతో పాటు పేరు చివర ‘బీ’ ఉన్న ముస్లిం ఇంటి ఆడవాళ్లూ. అవ్వ, అమ్మ, బాయి, బీ: ఏ ఇంటి పద్ధతి దానిది, కానీ నాలుగూ గౌరవమే చెబుతాయి. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ చెరుకు నేలకు మిగిలిన ఆనవాళ్లలో ఈ పేర్లు కూడా ఉన్నాయి. ఇప్పుడు యూకేజీ హాజరుపట్టీ చదివితే బోధన్ పిల్లలో పుణె పిల్లలో తెలియదు.

చిన్న పేరే నాగరికం అనే మాటకు ఇంకో జవాబుంది, నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. ఈ ప్రాంతంలో పేరు పొట్టిచేయడం ఒకప్పుడు మనిషిని పొట్టిచేయడం. దొర గడీలో పనికి పోయిన ఆడమనిషి ఎల్లవ్వ కాదు, ‘ఎల్లి’. లచ్చవ్వ కాదు, ‘లచ్చి’. పోశవ్వ కాదు, ‘పోశి’. ఆ ‘అవ్వ’ను తెంచి పిలవడంలోనే నువ్వు ఎవరికీ తల్లివి కావన్న అవమానం ఉంది. మాల మాదిగ ఇళ్లలో, చాకలి మంగలి ఇళ్లలో తర్వాతి తరాలు బిడ్డలకు రాజ్యలక్ష్మి, మహాలక్ష్మి అని నిండుగా పెట్టుకున్నది ముచ్చటకే కాదు, ఎవరూ తెంచకూడదని. వాళ్లు గెలుచుకున్న ఆ నిండుతనాన్ని పాతకాలపుదని తీసిపారేసే హక్కు ఎవరిచ్చారు మనకు?

అన్నిటికంటే ఎక్కువ నవ్వేది పెంటవ్వ పేరుకు. వరుసగా బిడ్డలు చనిపోయిన తల్లి, ఈసారైనా దక్కాలని పురిటిబిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, దొరికిన బిడ్డలా ఎత్తుకొని పెట్టిన పేరు అది. ఈ పేరు ఇవాళ ఎవరూ పెట్టుకోనక్కర్లేదు, ఆ చావులూ మళ్లీ రాకూడదు. ఆ పేరు మోస్తున్న ముసలామె ముందు మాత్రం నవ్వకండి.

శాస్త్రం కోసమే అంటారా? పారస్కర గృహ్యసూత్రం ఆడపిల్ల పేరులో అక్షరాలు బేసి సంఖ్యలో ఉండాలంది. రెండక్షరాలు చెప్పింది మగపిల్లలకు. గంగవ్వ లెక్కపెట్టండి, మూడు. నక్షత్రం ప్రకారం అక్షరం రావాలంటారా? ఆర్ద్ర మూడో పాదానికి ఇచ్చిన అక్షరం ‘ఙ’. దానితో ఏ భాషలో పేరు పెడతారు? అక్కడ పంతులుగారే సర్దుబాటు చెబుతారు. ఆ సర్దుబాటు బాపమ్మ పేరుకు ఎందుకు దొరకదు?

రేపు అమెరికా పోతే అక్కడివాళ్లకు నోరు తిరగదు అనే మాటే అందరికంటే గట్టిగా వినిపిస్తుంది. ఇదే ఇందూరు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయింది. పరిమళమని, బంగారమని అర్థాలున్న ఆ రెండు మాటలనూ రింగు దగ్గర చదివినవాళ్లు నేర్చుకొనే చదివారు. సిరికొండ మండలం పాకాల నుంచి పోయి 2014 మే 25న, పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ ఇంటిపేరుతో సహా ప్రపంచానికి తెలిసింది. పలకడం కష్టమైతే నేర్చుకోవాల్సింది పలికేవాళ్లు.

పేరు చిన్నదిగానే కావాలంటే గంగ రెండక్షరాలే. సీత, లక్ష్మి, బాల, అన్నీ రెండే. అత్తగారి పేరు బిడ్డకు పెడితే ఆ పేరు పెట్టి తిట్టడానికి కోడలికి నోరు రాదు కాబట్టి ముద్దుపేరు ఒకటి పుడుతుంది, ఆ పద్ధతి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది.

ఆసుపత్రి నుంచి ఇంటికి పోయేలోపే పేరు తేల్చాలన్న తొందర కూడా అక్కర్లేదు. జనన మరణాల నమోదు చట్టం కింద పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించవచ్చు. ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా వీలుంది. ఆ ఏడాదిలో ఒక పూట బాపమ్మ దగ్గర, ఒక పూట అమ్మమ్మ దగ్గర కూర్చోండి. వాళ్ల పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో, తల్లిగారింట్లో ఏమని పిలిచేవాళ్లో అడిగి రాసుకోండి. ఫోన్‌లో జాబితా తర్వాత తెరవొచ్చు.