కాలకేయుల తల్లి పేరు కాలక

సూర్యుడు కనిపించని ఊళ్లో పొద్దెంతయిందో ఎలా తెలుస్తుంది? మెంజోబెరాంజాన్ అనే నగరంలో అందుకోసం ఒక పెద్ద రాతిస్తంభం ఉంది. దాని పేరు నార్బొండెల్. రోజుకోసారి ఊరి ప్రధాన మాంత్రికుడు వచ్చి, దాని మొదట్లో మంత్రంతో వేడి పుట్టిస్తాడు. ఆ వేడి గంటగంటకూ మెల్లగా పైకి పాకుతుంది. అక్కడి జనం కళ్లు చీకట్లోనూ వేడిని చూడగలవు. కాబట్టి స్తంభం ఎంత ఎత్తు వరకు వేడెక్కిందో చూసి వేళ చెప్పేస్తారు. స్తంభం చల్లారి నల్లగా మిగిలితే అర్ధరాత్రి అయినట్టు.

ఈ ఊరు ఏ పటంలోనూ లేదు. అమెరికన్ రచయిత ఆర్.ఏ. సాల్వటోర్ కథల్లో, భూమి అడుగున ఒక గుహలో ఉంది. అందులో ఉండేవాళ్లను డ్రౌ అంటారు. నల్లని ఒళ్లు, తెల్లని జుట్టు, పుట్టుకతోనే మంత్రశక్తి ఉన్న ఎల్ఫ్ జాతి వాళ్లది. 1974లో మొదలైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆట కోసం గ్యారీ గైగాక్స్ ఈ జాతిని తయారుచేశాడు. 1977లో వచ్చిన రాక్షసుల పుస్తకంలో వీళ్లకు దక్కింది కొద్ది వాక్యాలు మాత్రమే. మరుసటి ఏడాది ఆటగాళ్ల ముందుకు శత్రువులుగా వచ్చారు. ఆ తర్వాత అర్ధశతాబ్దంలో వాళ్ల చుట్టూ అల్లుకున్న కథలు ఒక పురాణమంత పెరిగాయి. ఆ పెరుగుదలలో ఫాంటసీ కథలు రాసేవాళ్లూ తీసేవాళ్లూ నేర్చుకోవాల్సింది చాలా ఉంది. పాన్ ఇండియా ఫాంటసీలకు కోట్లు కుమ్మరిస్తున్న తెలుగు పరిశ్రమ మరీ ముఖ్యంగా నేర్చుకోవాలి.

గైగాక్స్ వీళ్లను శూన్యంలోంచి తీయలేదు. 1220 ప్రాంతంలో ఐస్‌లాండ్ పండితుడు స్నోరి స్టుర్లుసన్ తన 'ఎడ్డా' గ్రంథంలో ఎల్ఫులను రెండుగా విడదీశాడు. వెలుగు ఎల్ఫులు పైలోకంలో ఉంటారు, సూర్యుడికన్నా అందంగా ఉంటారు. చీకటి ఎల్ఫులు భూమిలో ఉంటారు, తారుకన్నా నల్లగా ఉంటారు. రెండు జాతులకూ రూపంలో ఎంత తేడా ఉందో గుణంలో అంతకన్నా ఎక్కువ తేడా ఉందని కూడా రాశాడు. ఇక డ్రౌ అన్న పేరు స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న దీవుల జానపదానికి చుట్టం. షెట్లాండ్‌లో వాటిని ట్రౌలంటారు. దిబ్బల కింద కాపురం ఉంటాయి, రాత్రిపూటే బయటికొస్తాయి, తెల్లవారేలోపు ఇల్లు చేరాలి. ఫిడేలు సంగీతమంటే వాటికి ప్రాణం. మంచి వాయిద్యకారుణ్ణి దిబ్బలోకి పిలుచుకుపోయి రాత్రంతా వాయింపించుకుంటాయి. తెల్లారి అతను బయటికొచ్చి చూస్తే, ఒక్కరాత్రి అనుకున్నది ఏళ్లకేళ్లై ఉంటుంది. షెట్లాండ్ ఫిడేలు పాటల్లో కొన్ని ట్రౌల దగ్గర నేర్చుకున్నవేనని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఈ రెండు మూలాల మధ్య ఎంత దూరముందో గమనించాలి. పల్లె జనం చెప్పుకున్న చీకటి మనుషులకు ఒక సరదా ఉంది, పెళ్లిళ్లున్నాయి, పాటలున్నాయి. పండితుడు రాసిన చీకటి మనుషులకు ఉన్నది రంగు, దాని వెంట అంటుకున్న గుణం. గైగాక్స్ తీసుకున్నది ఈ రెండోదాన్ని. డ్రౌలు సాటి ఎల్ఫుల చేతిలో ఓడి నేలకిందికి దిగిపోయారని, వాళ్ల నలుపు శాపఫలమని ఆ కథల్లో వస్తుంది. వాళ్ల ఆరాధ్యదైవం లోల్త్ అనే సాలీడు దేవత. జాతికి జాతినే దుష్టులన్న గడిలో పెట్టి ముద్ర వేసేశారు.

ఆ ముద్ర కింద సాల్వటోర్ ఒక సమాజాన్ని కట్టాడు. 1990లో వచ్చిన 'హోమ్‌ల్యాండ్' నవలలో మెంజోబెరాంజాన్ వీధులు, కోటలు, బడులు కళ్లకు కడతాయి. అక్కడ పెత్తనం ఆడవాళ్లది. ఎనిమిది పెద్ద ఇళ్ల యజమానురాళ్లు కూర్చుని ఊరిని ఏలుతారు. పూజారిణులే అధికారులు, మగవాళ్లది కత్తి, మంత్రం, సేవ. నోరు విప్పకుండా వేళ్ల కదలికలతో మాట్లాడుకునే సైగల భాష ఒకటుంది. న్యాయం మరీ వింత. ఒక ఇల్లు మరో ఇంటి మీద రాత్రికి రాత్రే దాడి చేసి, ఆ వంశంలో ఒక్క పెద్దింటి బిడ్డను కూడా మిగల్చకపోతే అది నేరమే కాదు. ఫిర్యాదు చేసేవాళ్లు ఉండరు కదా. ఒక్కరు బతికి బయటపడి సాక్ష్యం చెబితే మాత్రం, దాడి చేసిన ఇల్లు మొత్తం నాశనమవుతుంది.

ఆ నవల కథానాయకుడు డ్రిజ్ట్ పుట్టింది అలాంటి దాడి జరుగుతున్న రాత్రే. మూడో కొడుకును దేవతకు బలివ్వడం ఆ ఊరి ఆచారం. పసిగుడ్డును రాతి మీద పడుకోబెట్టారు. కత్తి కిందికి దిగే క్షణంలో కబురొచ్చింది, పెద్దకొడుకు చనిపోయాడని. వాణ్ని చంపింది శత్రువు కాదు, సొంత తమ్ముడు. ఇంట్లో మిగిలిన మగపిల్లలు ఇద్దరే కాబట్టి పసివాడు బతికిపోయాడు. ఒక హత్య వల్ల దక్కిన ఆ ప్రాణమే పెద్దయ్యాక ఆ ఊరి ధర్మాన్ని ఒప్పుకోలేక బయటికి నడిచింది. నిజానికి 1988 నాటి 'ద క్రిస్టల్ షార్డ్'లో డ్రిజ్ట్ కథానాయకుడు కూడా కాదు. వేరే వీరుడికి తోడు పాత్ర ఒకటి కావాలని ఎడిటర్ ఫోన్‌లో అడిగితే సాల్వటోర్ అప్పటికప్పుడు ఒక చీకటి ఎల్ఫును చెప్పాడు. పాఠకులు అసలు వీరుణ్ణి పక్కనపెట్టి ఇతని వెంట పడ్డారు.

ఎందుకు పడ్డారు? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్న మాట అబద్ధమని ఒక్క మనిషి బతికి చూపించాడు కాబట్టి. డ్రౌల క్రూరత్వం వాళ్ల నెత్తురులో లేదని, బడిలో, గుడిలో, ఇంట్లో నేర్పించిందని 'హోమ్‌ల్యాండ్' పేజీ పేజీలో తెలుస్తుంది. డ్రిజ్ట్ తండ్రి జాక్నఫీన్ కూడా ఆ ధర్మాన్ని లోలోపల అసహ్యించుకుంటూనే అందులో బతికాడు. 1991లో ఆట రచయిత ఎడ్ గ్రీన్‌వుడ్ ఇంకో అడుగు వేసి, వెన్నెల్లో కత్తితో నాట్యం చేసే ఐలిస్ట్రే అనే మంచి దేవతను డ్రౌలకు ఇచ్చాడు. అయినా ఆట పుస్తకాల్లో జాతి మీద పడ్డ ముద్ర చాలాకాలం అలాగే ఉండిపోయింది. ఒకడు మంచివాడైతే వాడు మినహాయింపు అన్నారు తప్ప, లెక్క తప్పని ఒప్పుకోలేదు.

2020లో అమెరికా వీధుల్లో జాతి వివక్ష మీద ఆగ్రహం పెల్లుబికింది. ఆ జూన్‌లోనే, ఒక పాత్ర డ్రౌ వేషం కోసం ముఖానికి నల్లరంగు పూసుకున్న 'కమ్యూనిటీ' సీరియల్ ఎపిసోడ్‌ను నెట్‌ఫ్లిక్స్ తొలగించింది. అదే నెలలో ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ, ఓర్కులనే మరో జాతినీ డ్రౌలనూ ఇకపై పుట్టు దుర్మార్గులుగా చూపబోమని ప్రకటించింది. 2021లో సాల్వటోర్ నవలలోకి ఉత్తరాన మంచులో లోల్త్ నీడ పడని డ్రౌ నగరం వచ్చింది. కొందరు ఆటగాళ్లకు ఇది నచ్చలేదు. ఆటలో నిశ్చింతగా కొట్టడానికి ఒక శత్రువు ఉండాలి కదా, ఊహకు కూడా కాపలా ఏమిటి అన్నది వాళ్ల వాదన.

శత్రువు ఉండాల్సిందే. 'పాతాళభైరవి'లో ఎస్వీ రంగారావు మాంత్రికుడు 1951 నుంచి ఇప్పటిదాకా భయపెడుతూనే ఉన్నాడు. ఆ భయం అతని దురాశలోంచి, చూపులోంచి, గొంతులోంచి వచ్చింది. ఒక మనిషిని దుర్మార్గుణ్ణి చేయడం కథకుడి పని. ఒక జాతిని మొత్తంగా దుర్మార్గుల్ని చేయడం వేరు. దాన్ని చట్టంగా రాసుకున్న పాలకులు ఈ నేల మీద ఉన్నారు. బ్రిటిష్‌వాళ్లు 1871లో నేరస్త జాతుల చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకల కుటుంబాలను తీసుకొచ్చి బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో పెట్టి, సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణకు అప్పగించారు. ఆ చట్టం కింద నమోదైనవాళ్లు వేలిముద్రలివ్వాలి, వేళకు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. ఫలానా తల్లికి పుట్టడమే అందుకు చాలిన కారణం. 1952లో చట్టం దేశమంతటా పోయింది. ఆ ఊరి పేరు చెబితే కనుబొమ్మలు ముడివేసే అలవాటు మాత్రం అంత త్వరగా పోలేదు.

అందుకే 2015లో వచ్చిన 'బాహుబలి'లోని కాలకేయుల గురించి మాట్లాడుకోవాలి. ఆ సినిమా తెలుగు ఊహాశక్తికి గర్వకారణం, సందేహం లేదు. కాలకేయుల కోసం మదన్ కార్కీ సుమారు 750 మాటలతో, వ్యాకరణంతో కిలికి భాషనే సృష్టించాడు. ఇంత శ్రద్ధ పెట్టిన జాతి తెర మీద కనిపించేది మాత్రం నల్లరంగు పులుముకున్న గుంపుగా, కేకలుగా, చచ్చిపోవాల్సిన లెక్కగా. వాళ్లకు ఒక ఊరుందో లేదో తెలియదు. ఇంటి దగ్గర ఎవరైనా ఎదురుచూస్తున్నారో లేదో తెలియదు.

భారతం వాళ్లను ఇలా వదల్లేదు. అరణ్యపర్వంలో కాలకేయులు నిజంగానే భయంకరులు. పగలు సముద్రంలో దాక్కుని, రాత్రిళ్లు బయటికొచ్చి వసిష్ఠుడి ఆశ్రమంలో, చ్యవనుడి ఆశ్రమంలో, భరద్వాజుడి ఆశ్రమంలో మునులను చంపుతారు. అగస్త్యుడు సముద్రాన్ని తాగేశాక దేవతలు వాళ్లను తరుముతారు. మిగిలిన కొందరు భూమిని చీల్చుకుని పాతాళానికి పోతారు. అదే పర్వంలో ఇంకోచోట, అర్జునుడు ఆకాశంలో తిరిగే హిరణ్యపురాన్ని చూసి, అదెవరిదని సారథి మాతలిని అడుగుతాడు. పులోమ, కాలక అనే ఇద్దరు స్త్రీలు వెయ్యి దివ్యవర్షాలు తపస్సు చేశారని, తమ బిడ్డలు కష్టపడకూడదని బ్రహ్మను కోరారని, ఆ వరంగా కాలకేయులకు వచ్చిందే ఈ నగరమని మాతలి చెబుతాడు. అర్జునుడు దాన్ని కూలుస్తాడు. అయితే కథ విజయధ్వానంతో ఆగదు. జుట్టు విరబోసుకుని, కొడుకుల కోసం, తండ్రుల కోసం, అన్నదమ్ముల కోసం ఏడుస్తూ ఆ ఊరి ఆడవాళ్లు బయటికి రావడం కూడా చెబుతుంది.

గెలిచినవాళ్ల కథలోనే ఓడినవాళ్ల తల్లి పేరు ఉంది, ఆమె కోరిక ఉంది, ఏడుపు ఉంది. సాల్వటోర్ 1990లో చేసిన పనిని ఇక్కడ ఎన్నో శతాబ్దాల కిందటే మొదలుపెట్టారు. దాన్ని కొనసాగించడానికి తెలుగు రచయితకు విదేశీ ఆట పుస్తకం అక్కర్లేదు. చేతిలో అరణ్యపర్వం చాలు.

మరో చీకటి సైన్యం మన తెర మీదికి తప్పకుండా వస్తుంది. వచ్చినప్పుడు యుద్ధం అంతే భీకరంగా తీయండి. దానికి ముందురాత్రి మాత్రం ఒక్క ఐదు నిమిషాలు ఆ గుడారాల వైపు కెమెరా తిప్పండి. అక్కడ వండుతున్నదేమిటి, ఎవరి గాయానికి ఎవరు కట్టు కడుతున్నారు, రేపటి దాడి వద్దని పెద్దలతో గొడవపడుతున్న కుర్రాడెవడు, కిలికిలో పిల్లల్ని అన్నానికి పిలవాలంటే ఏమని పిలుస్తారు?