ఫ్రీ గ్రూపు ఖర్చు ఎవరిది?

దెందులూరులో బస్సెక్కి ఏలూరులో దిగేలోపు ఎన్ని జాబ్ గ్రూపులు తిరగేస్తారు? నోటిఫికేషన్లు, పాత ప్రశ్నపత్రాలు, ఇంటర్వ్యూ అనుభవాలు.. అన్నీ ఫ్రీ. కానీ ఆ వేదిక మీది కాదు. నడిపే కంపెనీ మూసేస్తే మీరు కూడబెట్టిందంతా పోతుంది.

తెలుగులోనూ రాసుకునే వీలిచ్చిన ‘కూ’నే తీసుకోండి. 2020లో బెంగళూరులో మొదలైంది. పెద్ద పెట్టుబడులొచ్చినా 2024 జులైలో మూతపడింది. భాగస్వామ్య చర్చలు ఫలించలేదని, టెక్నాలజీ ఖర్చు భారీగా ఉందని వ్యవస్థాపకులే చెప్పారు.

వాడేవాళ్లే భరిస్తే?

‘డ్రీమ్‌విడ్త్’ 2009 నుంచి ప్రకటనల్లేకుండా నడుస్తోంది. రాయడం, చదవడం, చర్చించడం అందరికీ ఉచితం. ఎక్కువ ప్రొఫైల్ బొమ్మల వంటి అదనపు సౌకర్యాలు కోరుకున్నవాళ్లే డబ్బు కడతారు. ఇలాగే నెలకు 5 డాలర్ల ‘ప్లస్’ పెట్టిన ‘కోహోస్ట్’ మాత్రం నిలబడలేదు. 2024 అక్టోబరు నుంచి అందులో కొత్త పోస్టులు ఆగిపోయాయి. మొదటిది అప్పటికే ఉన్న ఓపెన్‌సోర్స్ కోడ్‌తో మొదలైంది. రెండోది అంతా కొత్తగా కట్టుకుంది. వచ్చే ఆదాయం సిబ్బంది జీతాలకు సరిపోలేదు.

మన లెక్క వేద్దాం

ఏలూరు, తాడేపల్లిగూడెం విద్యార్థులు 2,000 మంది సొంత వేదిక పెట్టుకున్నారనుకోండి. నూటికి ముగ్గురు నెలకు రూ.49 కడితే వచ్చేది రూ.2,940. చిన్న సర్వర్ అద్దెకు సరిపోవచ్చు. ఒక్కరి జీతానికి కూడా చాలదు. అంటే పని మీరే పంచుకోవాలి. పరీక్షలప్పుడు ఎవరు చూస్తారు, ఫేక్ జాబ్ పోస్టులు ఎవరు తీసేస్తారు అన్నది ముందే తేల్చుకోండి. జమాఖర్చులు నెలనెలా అందరి ముందు పెట్టండి.

దేనికి డబ్బు తీసుకోవాలన్నదే అసలు పరీక్ష. అదనపు స్టోరేజీకి, నచ్చిన థీమ్‌కు తీసుకోండి, తప్పులేదు. నోటిఫికేషన్ ముందుగా చూపడానికి మాత్రం వద్దు. రూ.49 కట్టలేని స్నేహితుడికి ఆ కబురు అందేసరికి దరఖాస్తు గడువు దాటిపోతుంది. అప్పుడది అందరి వేదిక కాదు, ఇంకో కోచింగ్ దుకాణం.

ఈ లెక్క మీ ఉద్యోగానికీ పనికొస్తుంది. రేపు స్టార్టప్ నుంచి ఆఫర్ వస్తే ప్యాకేజీ ఒక్కటే చూడకండి. ‘మీకు డబ్బులు ఎక్కడినుంచి వస్తున్నాయండీ?’ అని అడగండి. సూటిగా సమాధానం రాకపోతే సంతకం పెట్టేముందు ఇంకోసారి ఆలోచించండి.