రంగు కాదు, బరువు చూద్దాం

ట్రాక్టరు ఉన్న ఇంట్లో తరువాతి ఆలోచన హైడ్రాలిక్ ట్రాలీయే. ఇసుకైనా, ఎరువైనా మీట లాగగానే ఒంపేసే ఆ బండి కోసం మనం ఇల్లాలి నగలు అమ్మి, అన్నదమ్ముల వాటాలు కలిపి సొమ్ము కూడబెడతాం. అంతటి కష్టార్జితాన్ని కొత్త రంగు మెరుపు చూసి అప్పగించడం తగునా?

చూపులకు ఒకేలా ఉన్న రెండు ట్రాలీల్లో ఒకటి చౌకగా వస్తుంటే, ఆ తేడా తరచు ఇనుములోనే దాగి ఉంటుంది. 3 మిల్లీమీటర్ల రేకు చదరపు మీటరుకు సుమారు 23.5 కిలోలు తూగుతుంది. 4 మిల్లీమీటర్లదైతే 31 కిలోలు దాటుతుంది. కనుక ఖాళీ ట్రాలీని కాటా వేయించి, కిలోకు ఎంత పడుతుందో పోల్చి చూడాలి. అయితే రేకు మందం పెరిగినకొద్దీ మోయగల సరుకు తగ్గుతుంది. ఎరువుకు పలుచనిది సరిపోతుంది. బండరాళ్లకు మందపాటిదే నిలుస్తుంది.

పాతది కొనేటప్పుడు రంగు కింది అతుకులు, ఛాసిస్ పగుళ్లు, ఇరుసు, టైర్లు పరిశీలించాలి. సరుకుతో తొట్టిని ఎత్తించి కాసేపు నిలపాలి. నూనె కారినా, తొట్టి దానంతటదే దిగినా మరమ్మతు ఖర్చును ధరలో తగ్గించమనాలి. లోపాన్ని దాచకపోవడం అమ్మేవారి బాధ్యత, అడిగి తెలుసుకోవడం మన బాధ్యత. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరు కూడా వాహనమే. దాని రిజిస్ట్రేషన్ పత్రాలూ చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎత్తిన తొట్టికి ఊతమిచ్చే ఇనుప కడ్డీ. నూనె గొట్టం పగిలితే తొట్టి క్షణంలో కూలుతుంది. ఆ కడ్డీ ఖర్చు మిగుల్చుకుని, కింద దూరి పనిచేసే బిడ్డ ప్రాణాన్ని పణంగా పెట్టడం పొదుపు కాదు.