ముళ్ళకంచె ఉండవలసిన చోటు

తత్త్వచర్చకు మర్యాదానియమాలు విధించడం సత్యానికి సంకెళ్ళు వేయడమేనని కొందరు వాదిస్తున్నారు. తమ పక్షాన వారు నిలబెట్టేది సాక్షాత్తు గౌతమ మహర్షినే. మొలకలకు ముళ్ళకంచె ఎట్టిదో తత్త్వనిశ్చయ రక్షణకు జల్పవితండలు అట్టివని న్యాయసూత్రాల నాలుగవ అధ్యాయం చెప్పినమాట నిజమే. అయితే కంచె వేసేది చేను చుట్టూ. మొలకల నడుమ ముళ్ళు పరిచే రైతు గొల్లపల్లిలోనే కాదు, ఎక్కడా కానరాడు. పైగా ఆ సూత్రానికి కొంచెం ముందే శిష్యుడు, గురువు, సహాధ్యాయి వంటి శ్రేయోర్థులతో, అసూయ లేనివారితో సంవాదం చేయవలెనని అదే మహర్షి విధించాడు. దానిని మాత్రం వీరు ఉదాహరించరు!

జల్పానికి అనుమతించిన సాధనాలు సైతం ఛలజాతినిగ్రహస్థానాలే. దూషణకు అక్కడ కూడా చోటు లేదు. 22 నిగ్రహస్థానాలలో అననుభాషణం ఒకటి. ప్రతివాది మూడుమార్లు పలికినదానిని, సభ గ్రహించినదానిని, తిరిగి చెప్పలేనివాడు ఓడినట్లే. ఈ ఒక్క నియమాన్ని నేటి సభలలో అమలుచేస్తే ద్వైతిని మూఢుడనే అద్వైతి, అద్వైతిని నాస్తికుడనే ద్వైతి ఎందరు మిగులుతారు?

సమీపంలోని ధర్మపురిలో గోదావరీస్నానం చేసి, నృసింహుని దర్శించి, ముక్తిని గూర్చిన సందేహంతో సభకు వచ్చిన జిజ్ఞాసువు ఈ తిట్లు విని నోరు విప్పకనే వెనుదిరుగుతున్నాడు. కంచె కాపాడవలసిన మొలక అతడే.