సెల్లార్‌లో నీళ్ళు: ఎత్తిపోసేది ఎవరు?

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి నీళ్ళొస్తే దాన్ని మనం ఇంజనీరింగ్ సమస్య అంటాం. వాన మరీ ఎక్కువైతే ప్రకృతి వైపరీత్యం అంటాం. చెరువు శిఖంలో కట్టిన కాలనీ అయితే కబ్జాల సమస్య అంటాం. మూడూ నిజమే. కానీ ప్రతి ఏడూ అదే సెల్లార్‌లోకి అదే మూల నుంచి నీళ్ళు వస్తుంటే, లిఫ్ట్ చెడిపోతే ఒక్క రోజులో బాగుచేయించే వాళ్ళు ఆ మూలను పదేళ్ళయినా ఎందుకు బాగుచేయించరు అన్న ప్రశ్నకు ఈ మూడింటిలోనూ జవాబు దొరకదు. నాకు తోచిన జవాబు ఒకటే. ఆ నీళ్ళను జీతం లేకుండా ఎత్తిపోసే స్త్రీ ఒకామె అక్కడే కాపురం ఉంటోంది. ఆమెను అందరూ వాచ్‌మన్ భార్య అంటారు. ఆమె పేరూ అదే, ఉద్యోగమూ అదే.

వలస మీద నేను చేస్తున్న పనిలో భాగంగా బోరంచ వెళ్ళాను. నారాయణఖేడ్ ప్రాంతంలో మంజీర ఒడ్డున ఉన్న ఊరది. నల్లపోచమ్మ గుడి వల్ల చుట్టుపక్కల చాలామందికి తెలుసు. నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది, ఆ తర్వాత మెదక్ జిల్లాలోకి వచ్చింది, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. జిల్లాలు మారాయి గాని వాన ముఖం చాటేసిన ఏడు పట్నం బాట పట్టడం ఆగలేదు. బోరంచకు దిగువన సింగూరు దగ్గర మంజీరకు ఆనకట్ట కట్టి, 1990ల ఆరంభం నుంచి ఆ నీటిని గొట్టాల ద్వారా హైదరాబాద్‌కు పంపారు. నీళ్ళ వెనకే మనుషులూ వెళ్ళారు. నీళ్ళు అపార్ట్‌మెంట్ల సంపుల్లోకి చేరాయి, మనుషులు సంపు పక్కన గదుల్లోకి చేరారు. చమత్కారం కోసం రాస్తున్న మాట కాదిది. మియాపూర్, నిజాంపేట వైపు నేను చూసిన వాచ్‌మన్ గదుల్లో కొన్నింటికి సంపు గోడే గది గోడ.

బోరంచ నుంచి వచ్చిన ఒకామె గది గురించి చెబుతాను. పని పోతుందన్న భయం ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. పదడుగులకు ఎనిమిదడుగుల గది. అందులో మోకాలి కంటే కింద వస్తువన్నది కనిపించదు. మంచం కాళ్ళ కింద రెండేసి ఇటుకలున్నాయి. బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు అటక మీద ఉన్నాయి. ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్ ప్లాస్టిక్ సంచిలో చుట్టి మేకుకు వేలాడదీసింది. వానాకాలం కదా అని అలా పెట్టుకున్నావా అని అడిగితే నవ్వింది.

“వానకే వస్తయనుకున్నరా మేడం? ఎండకాలం గూడ వస్తయి. ఏ నీళ్ళో వాసన జూస్తే ఎరుకైతది” అంది.

ఆమె లెక్కలో నీళ్ళు నాలుగు రకాలు. ర్యాంపు మీద నుంచి వాన నీళ్ళు బురదతో దిగుతాయి, వాన ఆగిన గంటకు ఆగుతాయి. గోడలోంచి ఊరే నీళ్ళు తేటగా ఉంటాయి. అవి వాన వెలిసిన రెండో రోజు మొదలై వారాల తరబడి వస్తూనే ఉంటాయి. మూడోది సంపు పొర్లడం. నల్లా వదిలేది తెల్లవారుజామున కాబట్టి ఎవరో ఒకరు లేచి వాల్వు కట్టకపోతే క్లోరిన్ వాసనతో గదిలోకి వస్తాయి. నాలుగోది మురుగు. వీధి మ్యాన్‌హోల్ నిండితే నీళ్ళు వెనక్కి తన్ని, భవనంలో అన్నిటికంటే కింద ఉన్న మరుగుదొడ్డిలోంచి పైకి ఉబుకుతాయి. ఆ మరుగుదొడ్డి ఆమె వాడుకునేదే.

అసోసియేషన్ వాళ్ళు ఒక ఏడు కాంట్రాక్టరును పిలిచారు. అతను గోడకు లోపలి వైపు నీరు పట్టని రంగు వేసి వెళ్ళాడు. మర్నాటి వానాకాలానికి అది పొరలు పొరలుగా ఊడి ఆమె వంటగిన్నెల్లో పడింది. హైదరాబాద్ నేల కింద ఉన్నది నల్లరాయి. పైన కాస్త మట్టి, కొంత చితికిన రాయి. వాన నీరు అందులోకి ఇంకి, రాయి మీదుగా, రాతి నెర్రెల గుండా పక్కలకు పాకుతుంది. ఆ రాతిని పేల్చి గొయ్యి తవ్వితే చుట్టుపక్కల ఊటంతా దాని గోడను నెడుతుంది. వెనక నుంచి నీరు నెడుతున్న గోడకు ముందు వైపు రంగు వేస్తే నిలవదు. గోడ బయటి వైపు పూత ఉండాలి, అక్కడి నీరు పోవడానికి దారి ఉండాలి. ఇది కట్టేటప్పుడే చేయవలసిన పని. అప్పుడు చేయలేదు గనక ఇప్పుడు ఆమె చీపురు, ప్లాస్టిక్ మగ్గు, రెండు బకెట్లతో చేస్తోంది.

ఈ ప్రాంతపు పల్లెల్లో ఒకప్పుడు జొన్నలు పాతరల్లో దాచేవారు. గొయ్యి ఎక్కడపడితే అక్కడ తవ్వేవారు కాదు. నీరు నిలవని మెరక చూసి తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, మూత మీద మట్టి పోసి మెత్తేవారు. గింజ తడవకుండా అంత జాగ్రత్త పడ్డ ఊళ్ళ ఆడబిడ్డలను తెచ్చి నగరం ఊట గోతుల్లో కాపురం పెట్టింది.

ఇక శ్రమ సంగతి. గేటు కాపలా, కార్లు కడగడం, మోటారు వేయడం భర్త పనులు. వాటికి జీతం ఉంది, ఎంత తక్కువైనా. మెట్లు ఊడవడం, చెత్త కిందికి దించడం, గేటు దగ్గర భర్త లేనప్పుడు నిలబడటం ఆమె పనులు. వీటికి వేరే జీతం లేదు. “జంటను పెట్టుకున్నాం” అంటారు. వాచ్‌మన్ కావాలని వెతికేటప్పుడే పెళ్ళయినవాడు కావాలంటారు, ఎందుకో మనకు తెలుసు. ఆమెకు సొంత సంపాదన అంటే నాలుగు ఫ్లాట్లలో చేసే పాచిపనే. రాత్రి రెండింటికి నీళ్ళు వస్తే ఆయన కార్ల యజమానులను లేపి బళ్ళు బయట పెట్టిస్తాడు. ఆమె నీళ్ళు ఎత్తిపోస్తుంది. తడి గోడ మీది స్విచ్ నొక్కి పంపు వేసేది కూడా ఆమే. తెల్లారితే ఆ నాలుగిళ్ళకూ మామూలు వేళకు వెళ్ళాలి. పురుషులతో సమానంగా వేతనమివ్వాలని 1976లో చట్టం వచ్చింది, అది తర్వాత 2019 వేతనాల కోడ్‌లో కలిసింది. అసలు వేతనమే లేని మనిషి దేనితో సమానం కోరాలి?

మరుగుదొడ్డి మునిగిన రోజుల గురించి ఆమె చాలాసేపు చెప్పలేదు. మగవాళ్ళు ఎక్కడికో పోతారు. ఆమె, ఎదిగిన కూతురు తెల్లవారేదాకా ఓర్చుకుని, పనిచేసే ఇంట్లో అడగాలి. ఒకింటి వాళ్ళు సరే అన్నారట. మిగతావాళ్ళ ఇళ్ళలో ఆమె రోజూ ఆ మరుగుదొడ్లనే కడుగుతుంది, కానీ వాడుకోనివ్వరు. ఇందులో కులం కూడా ఉందని వేరే చెప్పనక్కరలేదు.

మన రాష్ట్రంలో 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం (జి.ఓ. 168) సెల్లార్ వాహనాలు నిలపడానికే, నివాసానికి కాదు. కాబట్టి ప్లానులో ఆమె గది లేదు. ఆమె పేర కరెంటు మీటరు లేదు, అద్దె రసీదు లేదు. రేషన్ కార్డు మీద ఉన్నది బోరంచ. 2020 అక్టోబర్ వరదల తర్వాత కుటుంబానికి 10 వేల రూపాయల సాయం ప్రకటించినప్పుడు, నీళ్ళు ముందుగా మునిగేది ఎవరి గదినో ఆ గదిలో ఎవరూ ఉండనట్టే లెక్క. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడూ, 2016 సెప్టెంబర్‌లో నిజాంపేట భండారి లేఅవుట్ సెల్లార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడూ మనకు గుర్తుండిపోయింది మునిగిన కార్లే. (అదే నెలలో, ఎండిపోయిన సింగూరు నిండింది. ఆ ఏడు కరువుకు ఊరు విడిచినవాళ్ళు ఆ మాట పట్నంలో విన్నారు.)

నేలమాళిగల్లో ఎవరుంటారన్నది ఒక్క హైదరాబాద్‌కు సంబంధించిన విషయం కాదు. 2021 సెప్టెంబర్‌లో న్యూయార్క్ నగరంలో ఒక్క రాత్రి వానకు చనిపోయిన 13 మందిలో 11 మంది నేలమాళిగ ఇళ్ళలో ఉన్నవాళ్ళు, ఎక్కువమంది వలసవచ్చినవాళ్ళు. 2022 ఆగస్టులో సియోల్‌లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, వాళ్ళ ఇంటి పదమూడేళ్ళ పిల్ల సగం భూమిలో ఉన్న ఇంట్లో చిక్కుకుని చనిపోయారు. బయట చేరిన నీటి బరువుకు తలుపు తెరుచుకోలేదు. 2024 జూలైలో ఢిల్లీ రాజేంద్రనగర్‌లో కోచింగ్ సెంటర్ నేలమాళిగ మునిగి ముగ్గురు విద్యార్థులు పోయారు.

ఇలాంటివి జరిగినప్పుడల్లా నేలమాళిగలు ఖాళీ చేయించాలన్న మాట వస్తుంది. సియోల్‌లోనూ అలాగే ప్రకటించారు, మేం ఎక్కడికి పోవాలని అక్కడ ఉన్నవాళ్ళు అడిగారు. ఇక్కడ ఆ మాట యథాతథంగా అమలైతే బోరంచ స్త్రీకి గదీ పోతుంది, నాలుగిళ్ళ పనీ పోతుంది. కాబట్టి మహిళా సంఘాలు అడగవలసింది ఖాళీ చేయించమని కాదు, పైకి మార్చమని. స్టిల్టు ఉన్నచోట నేల మట్టం మీద, మరుగుదొడ్డితో సహా గది ఇవ్వాలి. “గది ఉచితంగా ఇచ్చాం కదా” అనేవాళ్ళు, రాత్రింబగళ్ళు మనిషి అందుబాటులో ఉండటానికి తామెంత ఇస్తున్నారో ముందు లెక్కవేయాలి. నా దృష్టిలో ఆ గది దయ కాదు, పనిస్థలం.

ఆ మార్పు జరిగేలోపు చేయగల పనులున్నాయి, అంత ఖరీదైనవీ కావు. ర్యాంపు మొదట్లో గట్టు, దాని అడుగున జాలీ కాలువ. సెల్లార్ మూలలో నీరు చేరే గుంట, దానంతటదే ఆడే పంపు. మురుగు గొట్టానికి వెనక్కి తన్నకుండా ఆపే వాల్వు. సంపుకు తేలుడు బంతి వాల్వు. స్విచ్‌లన్నీ తల ఎత్తులోకి మార్చి, షాక్ తగిలేలోపే కరెంటు కట్టేసే బ్రేకర్ పెట్టడం. వీటి ఖర్చు ఫ్లాట్ల యజమానులదే, వాచ్‌మన్ జీతంలోంచి కోసేది కాదు.

ఇంకొకటి. అసోసియేషన్ ఖర్చుల పుస్తకం ఈమధ్య ఒకటి చూశాను. లిఫ్ట్ మరమ్మతు, జనరేటర్ డీజిల్, వినాయక చవితి, రంగులు అన్నిటికీ పద్దులున్నాయి. అందులో సెల్లార్ నీళ్ళు ఎత్తిపోసిన కూలికి కూడా ఒక పద్దు తెరవాలి, గంటల చొప్పున, రాత్రి పూటయితే రెట్టింపు, ఎత్తిపోసినామె సొంత పేరు మీద. ఒక వానాకాలం అంతా ఆ పద్దు నిజాయితీగా రాస్తే, గోడ బయటి పూతకు ఎంతవుతుందో కనుక్కోమని వచ్చే జూన్ మీటింగ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు.