మిషనొస్తే మన మాటేమిటి?

మద్దికెరలో సుగ్గికి మూటలు కట్టుకుంటున్న ఆడవాళ్ళతో మాట్లాడాను. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వెళుతున్నారు. "పత్తి తీసే మిషనొస్తే మాకు పని యాడుంటాదక్కా?" అని ఒకామె అడిగింది.

ఈ ప్రశ్నకు అమెరికా చరిత్రలో ఒక జవాబుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్యాక్టరీలు నడిపిన స్త్రీలను, తిరిగొచ్చే సైనికులకు చోటివ్వాలంటూ, 1945లో లక్షల సంఖ్యలో ఇళ్ళకు పంపారు. సైనికుల కోసం 1944లో చేసిన చట్టం కింద చదువులు, ఇంటి రుణాలు ఎక్కువగా తెల్లజాతి మగవాళ్ళకే అందాయి. అదే కాలంలో దక్షిణాది పత్తి చేలలోకి యంత్రం వచ్చింది. 1960ల చివరికి చేతితో పత్తి తీసే పని దాదాపు అంతరించింది. నల్లజాతి కూలి కుటుంబాలు నగరాలకు వలసపోయాయి. అక్కడ ఎందరో స్త్రీలకు దొరికింది మళ్ళీ ఇతరుల ఇళ్ళలో పాచిపనే. 1963లో వచ్చిన సమాన వేతన చట్టం పొలం కూలీలకు, ఇంటి పనివాళ్ళకు మొదట్లో వర్తించనే లేదు.

యంత్రం మనకు శత్రువు కాదు. మార్పు తెచ్చే లాభం ఎవరి పేరున రాస్తారన్నదే ప్రశ్న. మన దేశంలో సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా, పొలంలో ఆడకూలి ఇంకా మగకూలి కంటే తక్కువే. పట్టా, రుణం, యంత్రంపై సబ్సిడీ స్త్రీల పేర, వారి సంఘాల పేర రావాలని మనం ఇప్పుడే అడగాలి. మిషను చేలో దిగాక కాదు.